పాత సీఆర్‌వో మొరాయిస్తే ముందు చూడవలసింది పవర్ సప్లైనే

క్లుప్తంగా: ప్రయోగశాలల నుంచి పాత సామాను కింద బయటకు వస్తున్న ఆసిలోస్కోపులు (విద్యుత్ సంకేతాన్ని తెరపై గీతగా చూపే పరికరాలు; పిక్చర్ ట్యూబు ఉన్న పాతవాటినే సీఆర్‌వో అంటారు), సిగ్నల్ జనరేటర్లు, బెంచి పవర్ సప్లైలలో చాలావాటి అసలు జబ్బు లోపలి పవర్ సప్లైలో ఉంటుంది. లోపం చిన్నదే. దాన్ని వెతికే వరుస తప్పినప్పుడే అది పెద్దదవుతుంది. చార్జిని నిల్వ చేసే కెపాసిటర్ బలహీనపడినా, వీధిలో వోల్టేజీ పడిపోయినా తెరపై కనిపించే లక్షణం ఒకటే కావచ్చు. రెండింటినీ వేరు చేసేది కొలత ఒక్కటే. తీరప్రాంతపు ఉప్పుగాలి, కొండప్రాంతపు చెమ్మ, ఎర్త్ లేని సాకెట్లు ఈ పనిని మరింత జాగ్రత్తగా చేయవలసిన పరిస్థితి కల్పిస్తున్నాయి.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూర్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు నడిపే రేడియో, టీవీ మరమ్మతు దుకాణాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గిరాకీ వచ్చినవారితో ఒడియా, ఇంట్లో తెలుగు, మీటరు ముందు కూర్చుంటే వోల్టులు, ఓమ్‌లు: ఈ దుకాణాల భాష ఇలా నడుస్తుంది. టీవీ మరమ్మతులు తగ్గిపోయాక ఈ బల్లలపైకి కొత్త రకం పని చేరుతోంది. డిజిటల్ స్కోపులు కొన్న కళాశాలలు, కర్మాగారాలు పాత సీఆర్‌వోలను వేలానికి పెడతాయి. వాటిని బరువు లెక్కన కొన్నవారు, ఇంట్లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకునే విద్యార్థులు ‘పని చేయడం లేదు’ అన్న ఒక్క మాటతో వాటిని మెకానిక్ దగ్గరకు తెస్తారు.

ఆ ఒక్క మాట వెనుక ఉండే కారణాలు చాలా భిన్నమైనవి. తెరపై గీత రాకపోవడం, గీత లావెక్కి అలలా కదలడం, ఫ్యూజు పదేపదే పోవడం, పెట్టెలోంచి టిక్ టిక్ మని శబ్దం రావడం, అరగంట తర్వాత గీత ఒక పక్కకు జారిపోవడం... ఇవన్నీ ఒకే చోట మొదలుకావచ్చు. సీఆర్‌వోలోని ప్రతి భాగమూ పవర్ సప్లై ఇచ్చే నాలుగైదు వోల్టేజీల మీదే బతుకుతుంది కనుక సప్లైలో వచ్చిన చిన్న తేడా ఎక్కడో దూరంగా, యాంప్లిఫయర్ లోపంలాగో గీతను అడ్డంగా నడిపే టైమ్‌బేస్ లోపంలాగో కనిపిస్తుంది. సప్లై వోల్టేజీలు చూడకుండా యాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లు విప్పడం ఈ రంగంలో ఎక్కువ కాలం తినేసే పొరపాటు.

## సప్లై రెండు రకాలు, వెతికే పద్ధతులూ రెండు

మొదటిది లీనియర్ సప్లై. 230 వోల్టులు బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లి 18 వోల్టులో, 40 వోల్టులో అవుతాయి. బ్రిడ్జి రెక్టిఫైయర్ వాటిని ఒకే దిశకు మళ్లిస్తుంది. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మధ్యలోని ఖాళీలను నింపుతుంది. చివరిలో రెగ్యులేటర్ అదనపు వోల్టేజీని వేడిగా వదిలేసి కచ్చితమైన 15 వోల్టులో, 5 వోల్టులో ఇస్తుంది. మన కళాశాలల్లో ఎక్కువగా కనిపించే 20 మెగాహెర్ట్జ్ సైంటిఫిక్ కంపెనీ సీఆర్‌వోలు, యాప్‌లాబ్ బెంచి సప్లైలు, 1970లలోని టెక్‌ట్రానిక్స్ 465 వంటివి ఈ దారిలో నడుస్తాయి.

రెండోది స్విచింగ్ సప్లై. ఇక్కడ 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా రెక్టిఫై చేస్తారు. దాంతో లోపలి కెపాసిటర్‌పై దాదాపు 325 వోల్టుల డీసీ నిలబడుతుంది. దాన్ని వేల హెర్ట్జ్‌ల వేగంతో తెంపి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తారు. బరువు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. 1980ల నాటి టెక్‌ట్రానిక్స్ 2465 ఇందుకు తెలిసిన ఉదాహరణ.

పెట్టె మూత తీయగానే ముందు తేల్చుకోవలసింది ఇదే. లీనియర్‌కు పనికొచ్చే కొన్ని చిట్కాలు స్విచింగ్ సప్లైని ముంచుతాయి.

## ప్లగ్ పెట్టక ముందు

ఏళ్ల తరబడి మూల పడి ఉన్న పెట్టెను తెచ్చిన వెంటనే సాకెట్‌లో పెట్టి ‘చూద్దాం’ అనడం వల్ల పోయిన ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువేమీ కాదు. వెనుక వైపు వోల్టేజీ సెలెక్టర్ ఎక్కడ ఉందో చూడాలి. విదేశాల నుంచి వచ్చిన పరికరం 115 దగ్గర ఉండిపోతే మన 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము అయస్కాంతపరంగా నిండిపోయి కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు సరైన ఫ్యూజు పోయి పెట్టెను కాపాడుతుంది. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగే ఫ్యూజు పని చేస్తుంది. పాత పెట్టెల్లో చుట్టిన తీగలు తరచుగానే దొరుకుతాయి కనుక ఫ్యూజును బయటకు తీసి, దానిపై రాసిన ఆంపియర్లను మాన్యువల్‌తో పోల్చి చూడాలి.

వాడకుండా ఉంచిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ది మరో కథ. దానిలోని అల్యూమినియం రేకుపై ఉండే సన్నని ఆక్సైడ్ పొరే ఇన్సులేషన్. వోల్టేజీ లేకుండా ఏళ్లు గడిస్తే ఆ పొర పలచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే లీకేజీ కరెంటు పెరిగి కెపాసిటర్ వేడెక్కుతుంది, కొన్నిసార్లు పేలుతుంది. రెసిస్టర్ గుండా మెల్లగా వోల్టేజీ పెంచితే అదే పొర మళ్లీ కట్టుకుంటుంది. లీనియర్ సప్లైకి, మెయిన్స్ వోల్టేజీని మెల్లగా పెంచే డిమ్మర్‌స్టాట్‌తో ఈ పని చేయవచ్చు.

డిమ్మర్‌స్టాట్ లేనిచోట మన మెకానిక్‌ల పాత సిరీస్ బల్బు ఇప్పటికీ గొప్ప సాధనమే. 60 వాట్ల ఫిలమెంట్ బల్బును పెట్టెతో సిరీస్‌లో కలిపితే, లోపల పూర్తి షార్ట్ ఉన్నా కరెంటు దాదాపు పావు ఆంపియర్ దాటదు. బల్బు ఒక్కక్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండి సప్లై కుదుటపడుతోందని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. దుకాణాల్లో ఫిలమెంట్ బల్బులు అరుదవుతున్నాయి కాబట్టి రెండు మూడు దాచిపెట్టుకోవడం మంచిది.

స్విచింగ్ సప్లై విషయంలో బల్బును గుడ్డిగా నమ్మకూడదు. వోల్టేజీ తగ్గితే ఈ రకం సప్లై అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. బల్బు వోల్టేజీని ఇంకా తగ్గిస్తుంది. సప్లై ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది లోపమో, బల్బు చేసిన మాయో తేలదు.

## గీతలో కనిపించే అల ఏమి చెబుతుంది

ఒక సాధారణ సందర్భం తీసుకుందాం. బల్లపై ఒక 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌వో, మూత తీసి ఉంది. తెరపై గీత వస్తోంది కానీ సన్నగా లేదు. ఇనుప రేకు వంగినట్లు రెండు మూపురాలతో పైకీ కిందికీ ఊగుతోంది. 15 వోల్టుల టెస్ట్ పాయింట్ దగ్గర మల్టీమీటర్ 14.3 చూపిస్తోంది. కొంచెం తక్కువ, అంతే కదా అని దాటిపోవచ్చు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. డీసీ రేంజిలో మీటరు చూపేది సగటు మాత్రమే. వోల్టేజీ 15 దగ్గర నిలబడి, సెకనుకు 100 సార్లు 12కు జారిపడి మళ్లీ లేస్తున్నా మీటరు మాత్రం నిశ్చలంగా ఒకే అంకె చూపిస్తుంది.

అందుకే అదే చోట ఏసీ రేంజిలోనూ కొలవాలి. చవక మీటర్లలో ఏసీ రేంజి డీసీని ఆపకపోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీని ఏసీ రేంజిలో కొలిస్తే ఆ సంగతి తేలిపోతుంది. ఒకసారి తీగలు మార్చి రెండు వైపులా కొలిచినా సున్నా చూపితే ఆ మీటరును నమ్మవచ్చు. ఎటైనా 18, 20 వోల్టులు చూపితే మీటరు తీగకు 1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ ఒకటి సిరీస్‌లో పెట్టుకోవాలి. రెండో స్కోపు ఉంటే ఇంకా మేలు.

రెండో స్కోపులో అల కాలవ్యవధి 10 మిల్లీసెకన్లు ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే బ్రిడ్జి రెండు వైపులా పనిచేస్తోంది, అనుమానం కెపాసిటర్ మీదికి వెళ్తుంది. 20 మిల్లీసెకన్లు ఉంటే అది 50 హెర్ట్జ్: బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోయిందో, దాని కాలు దగ్గర డ్రై సోల్డర్ (టంకం సరిగా పట్టకపోవడం) అయిందో చూడాలి. ఈ ఒక్క కొలత సగం వెతుకులాటను తప్పిస్తుంది.

ఇప్పుడు లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ 18 వోల్టులు ఇస్తే శిఖర వోల్టేజీ 25.5. రెండు డయోడ్లు తినేది పోగా దాదాపు 23.5 మిగులుతుంది. 1 ఆంపియర్ లోడుకు 4700 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటే రెండు శిఖరాల మధ్య వోల్టేజీ సుమారు 2 వోల్టులు పడిపోతుంది. అత్యల్ప స్థానం 21 వోల్టులపైనే. 15 ఇవ్వడానికి రెగ్యులేటర్‌కు ఇంకో రెండు మూడు వోల్టులు పైన ఉంటే చాలు కనుక ఇబ్బంది లేదు. కెపాసిటర్ ఎండిపోయి 1000 మైక్రోఫారడ్‌లకు దిగితే ఆ పడిపోవడం లెక్క ప్రకారం 10 వోల్టులవుతుంది. వాస్తవంలో కొంత తక్కువే ఉన్నా రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. తెరపై ఊగే మూపురాలు అవే.

ఈ ప్రాంతంలో మరింత ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కెపాసిటర్ పూర్తి ఆరోగ్యంగా ఉన్నా, లైను చివరన ఉన్న ఊళ్లో సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోయిందనుకుందాం. శిఖరం 20కి దిగుతుంది, డయోడ్ల తర్వాత 18, లోయలో 16 కంటే తక్కువ. రెగ్యులేటర్ మళ్లీ చేతులెత్తేస్తుంది. తెరపై అవే మూపురాలు! మధ్యాహ్నం బాగున్న సీఆర్‌వో సాయంత్రం పాడవుతోందంటే, దాన్ని విప్పే ముందు సాకెట్‌లో వోల్టేజీ కొలవాలి. సెలెక్టర్ 240 దగ్గర ఉందేమో చూడాలి, ఎందుకంటే అది ఉన్న కొద్దిపాటి వోల్టేజీని ఇంకా తగ్గిస్తుంది. ఈ తేడా గమనించకపోవడం వల్ల మంచి కెపాసిటర్లు మార్చి, జబ్బు అలాగే మిగుల్చుకునేవారున్నారు.

వోల్టేజీ సరిగానే ఉంటే అప్పుడు కెపాసిటర్‌ను దగ్గరగా చూడాలి. పైభాగం నున్నగా ఉండవచ్చు. బోర్డును పక్కకు వంచి కింది రబ్బరు చూస్తే అది బయటకు పొంగి, కాళ్ల చుట్టూ గోధుమరంగు జిగురు మరక, టంకంపై ఆకుపచ్చ పొడి కనిపిస్తాయి. దగ్గరగా ముక్కు పెడితే చేపల కంపు వస్తుంది. తయారీలో పూసిన జిగురు కూడా అదే రంగుకు మారుతుంది కాబట్టి మరక ఒక్కటే సాక్ష్యం కాదు. వాసన, పొంగు కలిస్తేనే సాక్ష్యం. ఇంకా అనుమానమైతే, స్విచ్ ఆపి, చార్జి పోగొట్టి, అదే విలువ ఉన్న మంచి కెపాసిటర్‌ను సరైన ధ్రువంతో పక్కన కలిపి మళ్లీ ఆన్ చేయాలి. అల తగ్గిపోతే దొంగ దొరికినట్లే. పరికరం నడుస్తుండగా కలపకూడదు: నిప్పురవ్వ లేచిన కుదుపుకు పాత కెపాసిటర్ కాసేపు బాగైనట్లు నటించవచ్చు, లేదా పక్కనున్న ట్రాన్సిస్టర్ పోవచ్చు.

## వోల్టేజీ సున్నా అయినప్పుడు

టెక్‌ట్రానిక్స్ వంటి పరికరాల్లో సప్లైలు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. ఒక సప్లై కొలబద్దలా నిలబడుతుంది, మిగతావి దాన్ని చూసి తమ విలువను సర్దుకుంటాయి. కొలబద్ద పడిపోతే అన్నీ పడిపోతాయి. కాబట్టి నాలుగు వోల్టేజీలు లేకపోతే నాలుగు లోపాలున్నాయని భయపడనక్కరలేదు. మాన్యువల్‌లో ఏది ఆధారమో చూసుకుని దాని దగ్గరే మొదలుపెట్టాలి.

ఒకే వోల్టేజీ సున్నా అయితే లోపం సప్లైలో ఉండకపోవచ్చు. ఆ వోల్టేజీ వెళ్లే బోర్డులో ఎక్కడో చిన్న బఠానీ గింజంత టాంటలం కెపాసిటర్ షార్ట్ అయి, రెగ్యులేటర్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపి ఉండవచ్చు. 465లో ఇది బాగా తెలిసిన జబ్బు. అల్యూమినియం కెపాసిటర్ సాధారణంగా ఎండిపోయి బలహీనపడుతుంది. టాంటలం నిన్నటిదాకా బాగుండి ఇవాళ షార్ట్ అవుతుంది. స్విచ్ వేసిన క్షణపు కరెంటు ఉరుకును అది తట్టుకోలేదు.

పాతిక టాంటలంలలో దొంగ ఏది? అన్నిటినీ పీకడం కంటే తేలికైన దారి ఉంది. పరికరం ప్లగ్ తీసేసి, బెంచి సప్లైని 1 వోల్టుకు, కరెంటు పరిమితిని 1 ఆంపియర్‌కు పెట్టి, షార్ట్ అయిన లైనుకు సరైన ధ్రువంతో ఇవ్వాలి. ఒక వోల్టుకు మంచి ట్రాన్సిస్టర్లు, ఐసీలకు సాధారణంగా హాని ఉండదు. తర్వాత మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి ప్రతి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్యా చూస్తూ పోవాలి. కరెంటు షార్ట్ వరకే పారుతుంది, దాన్ని దాటి పోదు. కనుక దొంగను సమీపించే కొద్దీ మిల్లీవోల్టులు తగ్గుతూ వచ్చి, అతని దగ్గర కనిష్ఠానికి చేరి, దాటాక అక్కడే ఆగిపోతాయి. కొత్తది వేసేటప్పుడు లైను వోల్టేజీకి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది వేయాలి, ధ్రువం రెండుసార్లు చూసుకోవాలి.

## టిక్ టిక్ మనే పెట్టె

స్విచింగ్ సప్లైలో కంట్రోల్ ఐసీని లేపడానికి ఒక పెద్ద విలువ రెసిస్టర్ చిన్న కెపాసిటర్‌ను నింపుతుంది. ఐసీ లేచాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని మరో చుట్టు దానికి ఆహారం ఇస్తుంది. ఆ చిన్న కెపాసిటర్ ఎండిపోతే ఐసీ లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. అదే టిక్ టిక్. బయట షార్ట్ ఉన్నా ఇదే శబ్దం. ముందు లోడు కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. అయితే అన్నీ తీసేస్తే కొన్ని సప్లైలు అసలు నడవవు. లోడు స్థానంలో సరైన వాటేజీ రెసిస్టర్ పెట్టాలి.

325 వోల్టుల కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చార్జి పోగొట్టే అలవాటు మానుకోవాలి. కొన్ని కిలో ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న తీగలు తగిలించి దానితో పోగొట్టి, మీటరుతో సరిచూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలి. లీనియర్ సీఆర్‌వో అయినంత మాత్రాన నిర్భయంగా ఉండకూడదు: చిన్న సీఆర్‌వోలో కూడా పిక్చర్ ట్యూబుకు దాదాపు 2000 వోల్టులు వెళ్తాయి. ఒంటరిగా ఈ పని చేయకూడదు.

## చెమ్మ, ఉప్పుగాలి, ఎర్త్

బరంపురం గోపాలపూర్ తీరానికి దగ్గర. కోరాపుట్ 800 మీటర్లకు పైన ఉన్న వానల ప్రాంతం. ఒకచోట ఉప్పుగాలి, మరోచోట నెలల తరబడి చెమ్మ. దీని దెబ్బ ముందుగా తగిలేది మెయిన్స్‌కు (230 వోల్టుల లైనుకు) అడ్డంగా పెట్టే ఫిల్టర్ కెపాసిటర్‌కు. 1980ల నాటి పరికరాల్లో పారదర్శకమైన ఎపాక్సీ తొడుగుతో కనిపించే రీఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లలో కాలం గడిచే కొద్దీ వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. పగుళ్లలోంచి చెమ్మ కాగితంలోకి దిగుతుంది. ఒకరోజు ప్లగ్ పెట్టిన పది నిమిషాలకు గది నిండా ఘాటైన పొగ. కొన్ని పరికరాల్లో ఈ కెపాసిటర్ స్విచ్‌కు ముందే ఉంటుంది కాబట్టి స్విచ్ ఆపి ఉన్నా ప్లగ్ పెట్టి ఉంటే అది కరెంటులోనే ఉంటుంది. పగుళ్లు కనిపిస్తే పోయేదాకా ఆగకుండా మార్చడమే సరైన పని. కొత్తది తప్పనిసరిగా ఎక్స్2 అనే భద్రతా తరగతిదై ఉండాలి. ఎర్త్‌కు కలిసేచోట వై తరగతిది వేయాలి. మామూలు ఫిల్మ్ కెపాసిటర్ వేయడం ప్రాణాలతో చెలగాటం.

సాకెట్‌లో ఎర్త్ లేకపోతే ఈ వై కెపాసిటర్ల గుండా పెట్టె లోహపు తొడుగు మీదికి మెయిన్స్‌లో సగం వోల్టేజీ చేరుతుంది. చెయ్యి ఆనిస్తే చిమచిమలాడుతుంది. అది పరికరం లోపం కాదు, ఇంటి వైరింగ్ లోపం. కొలత పరికరానికి ఎర్త్ అలంకారం కాదు. దాని ప్రోబు (కొలిచే తీగ) నేల తీగ నేరుగా ఆ తొడుగుకే కలిసి ఉంటుంది.

తుపాన్ల సంగతి వేరే చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలు గజపతి జిల్లాను ముంచెత్తాయి. ఇలాంటి విపత్తుల తర్వాత కరెంటు తిరిగి వచ్చే రోజు పరికరాలకు గండం. ఎక్కడైనా న్యూట్రల్ వదులైతే లోడు తక్కువ ఉన్న ఫేజు ఇళ్లలో వోల్టేజీ 230 దాటి 400 వైపు పోవచ్చు. లైను కుదుటపడేదాకా పరికరాల ప్లగ్ తీసి ఉంచాలి.

## అన్నీ మార్చేస్తే పోలేదా?

పాత పరికరం కొనగానే కెపాసిటర్లన్నీ మార్చేయాలనే సలహా బాగా ప్రచారంలో ఉంది. చెమ్మకు పగిలిన మెయిన్స్ కెపాసిటర్లకు, ఎలక్ట్రోలైట్ కారి బోర్డును తినేస్తున్నవాటికి అది న్యాయమే. మిగతావాటికి కాదు. యాభై టంకాలు ఊడదీస్తే పాత బోర్డుపై రాగి పొర లేచిపోతుంది, ఒకటి రెండు చోట్ల ధ్రువం తారుమారవుతుంది, ఒక్క లోపం ఉన్న పరికరంలో మూడు లోపాలు తయారవుతాయి. పైగా అసలు జబ్బు డ్రై సోల్డరో, తుప్పు పట్టిన కనెక్టరో అయితే ఖర్చంతా వృథా.

దీనికంటే ప్రమాదకరమైనది ప్రీసెట్ (లోపలి సర్దుబాటు స్క్రూ) తిప్పడం. ఆధార సప్లై మాన్యువల్‌లో చెప్పిన హద్దుల్లో ఉంటే దాన్ని అంకెకు అంకె సరిపెట్టాలని స్క్రూ తిప్పకూడదు. ఆ ఒక్క స్క్రూ కదిలితే నిలువు కొలత, అడ్డ కొలత, టైమ్‌బేస్ అన్నీ కలిసి కదులుతాయి. బాగున్న క్యాలిబ్రేషన్ పోతుంది. దాన్ని తిరిగి తెచ్చే ప్రామాణిక పరికరాలు చిన్న పట్టణాల్లో దొరకడం కష్టం.

## దీని వల్ల ఏమవుతుంది

కొత్త డిజిటల్ స్కోపు పాడైతే సాధారణంగా బోర్డు మొత్తం మార్చాలి. పాత సీఆర్‌వోకు సర్క్యూట్ బొమ్మ, టెస్ట్ పాయింట్ల వోల్టేజీలు, అనుమతించే అల ఎంతో కూడా మాన్యువల్‌లో ముద్రించి ఉంటాయి. కాబట్టి నేర్చుకునేవారికి పాత పెట్టె ఇచ్చే అవకాశం కొత్తది ఇవ్వదు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు చదివే పిల్లవాడికి రెక్టిఫైయర్, ఫిల్టరు, రెగ్యులేటర్ పుస్తకంలో మూడు బొమ్మలు. ఎండిన కెపాసిటర్ తీసి కొత్తది వేసి, తెరపై మూపురాలు చదునై సన్నని పచ్చగీత నిలబడటం చూస్తే ఆ మూడూ ఒకే పాఠమవుతాయి.

వేలానికి పెట్టే సంస్థలు చేయగలిగిన చిన్న మేలు ఒకటుంది. మాన్యువల్‌ను చెత్తబుట్టలో వేయకుండా పెట్టెతో పాటే ఇవ్వడం, చివరిసారి ఎలాంటి లోపం కనిపించిందో ఒక చీటీపై రాసి అతికించడం. ‘గీత ఊగుతోంది, సాయంత్రాలు మాత్రమే’ అని రాసి ఉన్న చీటీ, రాయగడలోని మెకానిక్‌కు మూత తీయకముందే సాకెట్‌లో వోల్టేజీ కొలవమని చెబుతుంది.